109 తలుపుల ఇల్లు: మారిషస్‌లో యురేకా చూసొచ్చాక

మాది మూడు తరాలుగా వడ్రంగం. ఎవరైనా కొత్త ఇంట్లోకి వెళ్తే ముందు హాలు చూస్తారు, నేను తలుపు చూస్తాను. ఓసారి మూసి, ఓసారి తెరుస్తాను. రెక్క కింద రాసుకుంటోందా, మడతబందు కిర్రుమంటోందా, సగంలో వదిలేస్తే తనంతట తాను కదిలిపోతోందా అని చూస్తాను. ద్వారబంధం నిలువుగా నిలబెట్టారో లేదో, కర్రను కోశాక సరిగా ఆరనిచ్చారో లేదో ఆ ఒక్క పనితో చాలావరకు తెలిసిపోతుంది. మా నాన్న నేర్పిన అలవాటు ఇది.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగాల మీద మారిషస్‌లో ఉంటున్నారు. ఒకరోజు ఫోన్‌లో అమ్మాయి, "నాన్నా, మా ఇంటికి కాస్త దూరంలోనే 109 తలుపులున్న పాత చెక్క ఇల్లు ఉంది. నువ్వొస్తే తీసుకెళ్తాను" అంది. బీచులున్నాయి రమ్మంటే రెండేళ్లుగా వాయిదా వేస్తున్నవాణ్ని, ఆ మాటకి టికెట్ తీయించమన్నాను.

వాళ్లుండే చోటు పేరు ఎబెన్. ఇప్పుడు అక్కడ అద్దాల సాఫ్ట్‌వేర్ భవనాలున్నాయి. ఎబెన్ అంటే ఫ్రెంచిలో నల్లకర్ర. మన అడవుల్లో బీడీ ఆకు కోసే తునికి చెట్టు ఉంది కదా, దాని జాతి చెట్టే. చేవ బొగ్గులా నల్లగా ఉంటుంది, ఉలి దిగడానికి మొండికేస్తుంది. 1638లో ఈ ద్వీపంలో మకాం వేసిన డచ్చివాళ్లు ఆ చెట్ల కోసమే అడవిని నరికారు. 1710లో వాళ్లు వెళ్లిపోయారు, 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చారు, 1810లో ఇంగ్లీషువాళ్లు గెలుచుకున్నారు. ఈ వరస గుర్తుంటే చూడబోయే ఇల్లు బాగా అర్థమవుతుంది. పాలించింది ఇంగ్లీషువాళ్లే అయినా లొంగుబాటు ఒప్పందంలో ఫ్రెంచివాళ్ల ఆస్తులు, చట్టాలు, భాష, మతం ఎలా ఉన్నవి అలాగే ఉంచారు. అందుకే ఇంగ్లీషు జెండా కింద ఫ్రెంచి ఇళ్లు లేచాయి.

యురేకా మోకా అనే ఊళ్లో ఉంది. రాజధాని పోర్ట్ లూయీకి దక్షిణంగా, కొండల పక్కన. ఒకప్పుడు అక్కడ కాఫీ తోటలుండేవి కాబట్టి ఆ పేరు. పోర్ట్ లూయీలో కారు దిగితే ఒళ్లంతా చెమట పడుతుంది, మోకాలో దిగితే గాలి చల్లగా తగులుతుంది. దూరం కొద్దిపాటే, వాతావరణంలో మాత్రం అంత తేడా. 1866 నుంచి 1868 దాకా ఈ ద్వీపాన్ని మలేరియా ఊడ్చేసింది. వేలకు వేల మంది పోయారు. పోర్ట్ లూయీలో ఉన్న కలిగినవాళ్లు మోకా, క్యూర్‌పీప్ లాంటి ఎత్తు ప్రదేశాలకు ఇళ్లు మార్చుకున్నది అప్పటినుంచే. యురేకా అంతకు ముందే ఉంది, 1830 ప్రాంతంలో కట్టింది.

మొదటిసారి వెళ్లడం ఒక ట్రావెల్ ఏజెన్సీ వాళ్ల సగం రోజు ప్యాకేజీలో వెళ్లాం. పేరు రాయను గానీ అది మేం చేసిన పొరపాటు. ఒక గుడి, ఒక చెరువు, ఒక వ్యూ పాయింట్, మధ్యలో ఈ ఇల్లు. దీనికి వాళ్లు పెట్టిన టైం నలభై నిమిషాలు. డ్రైవరు గేటు దగ్గర హారన్ కొడుతూనే ఉన్నాడు. మా అమ్మాయికి టెన్షన్, నాకు కోపం. ఆరోజు నేను చూసింది వరండా, రెండు గదులు. అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి, తెరిచిన తలుపును చూసే ఏం తేల్చుకుంటాను? అందుకని చదివేవాళ్లకు ముందే చెప్తున్నాను. దీన్ని ప్యాకేజీలో పెట్టుకోకండి. టాక్సీలోనో బస్సులోనో మీ అంతట మీరు రండి, కనీసం మూడు గంటలు చేతిలో ఉంచుకోండి.

రెండోసారి నాలుగు రోజులాగి పొద్దున్నే వెళ్లాం. చెట్ల మధ్య దారిలో నడిచి మలుపు తిరగ్గానే తెల్లటి ఇల్లు, వెనక ఓరీ కొండ. ఇల్లు పెద్దదే కానీ మీద పడినట్టు ఉండదు. కారణం వరండా. ముందుభాగం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సన్నటి స్తంభాల వరస, వాటి వెనక నీడ, ఆ నీడలో వరసగా అద్దాల గళ్ల తలుపులు. పెద్ద ఇల్లు కట్టేవాళ్లు చాలామంది గోడతో గొప్ప చూపిస్తారు. ఇక్కడ గోడ కనిపించదు, తలుపూ తలుపూ మధ్య మిగిలిన చోటే గోడ.

109 తలుపులు ఎందుకు అని మా అల్లుడు అడిగాడు. డబ్బుందని చూపించడానికి కూడా కావచ్చు, కానీ పని తెలిసినవాడికి వేరే జవాబు కనిపిస్తుంది. ఒక గదిలో నిలబడి అటూ ఇటూ చూడండి. ఎదురెదురు తలుపుల్లోంచి ముందు తోట, వెనక తోట రెండూ కనిపిస్తాయి. గాలి ఎటునుంచి వచ్చినా దానికి ఎదురుగా బయటికి పోయే దారి ఉంది. వరండా వల్ల ఎండ గదిలోకి రాదు, జల్లు తలుపుకు తగలదు. ఫ్యాన్ లేని రోజుల్లో వేడి దేశంలో బతకడానికి చెక్కతో చేసిన ఏర్పాటు ఇది. మన మండువా ఇల్లు ఇదే పనిని నడిమధ్య ఆకాశం తెరిచి చేస్తుంది. ఈ క్రియోల్ ఇల్లు, అంటే ఫ్రెంచి వలసల్లో పుట్టిన స్థానిక పద్ధతి ఇల్లు, చుట్టూ తెరిచి చేస్తుంది. రెండూ ఒకే ప్రశ్నకు వచ్చిన రెండు జవాబులు. ఇది చూశాక ఏసీ పెట్టడానికని కిటికీలు తగ్గించుకుంటున్న మన కొత్త ఇళ్ల మీద నాకు నిజంగా బాధ కలిగింది.

ద్వీపంలో ఇలాంటి చెక్క ఇళ్లు ఇంకెన్ని మిగిలాయని వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కారణం తుపాన్లు. 1892 ఏప్రిల్ 29న వచ్చిన తుపాను పోర్ట్ లూయీలో పెద్ద భాగాన్ని కూల్చేసింది. 1960లో కారోల్ అనే తుపాను వచ్చాక జనం ఇక చెక్కను నమ్మడం మానేసి సిమెంటు స్లాబు ఇళ్లకు మారారు. దారిలో మీకు కనిపించే డబ్బా ఇళ్లన్నీ ఆ భయంలోంచి పుట్టినవే, వాళ్లను తప్పుపట్టలేం. అయినా యురేకా ఆ రెండిటినీ తట్టుకుని నిలబడింది. కొండ అడ్డు కొంత, చెట్లు కొంత, మిగతాది పని. ఏటేటా చూసుకునే మనిషి లేకపోతే చెక్క ఇల్లు ఇరవై ఏళ్లు కూడా ఉండదు. ఒకచోట నీళ్లు కారితే చాలు, చెద వెతుక్కుంటూ వస్తుంది. 190 ఏళ్లు ఉందంటే ప్రతి తరంలో ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని పైకెక్కారన్నమాట.

ఇప్పుడు ఆ ఇంటి మనుషుల సంగతి.

1856లో ఈ ఇల్లు వేలానికి వచ్చింది. యూజీన్ ల క్లేజియో అనే ఆయన పాడుకున్నారు. పాట తనకే ఖాయమైందని తెలియగానే "యురేకా" అని అరిచారట, దొరికింది అని. అదే ఇంటి పేరైపోయింది. మన ఊళ్లలో ఇళ్లకు అమ్మవారి పేరో తల్లి పేరో పెడతాం. ఈయన తన సంతోషాన్నే పేరుగా పెట్టుకున్నాడు. ఇల్లు కొనాలని ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లకు ఆ అరుపు అర్థమవుతుంది.

ల క్లేజియోల పూర్వీకుడు ఫ్రాన్సులో బ్రిటనీ ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఫ్రెంచి విప్లవం నాటి గొడవల్లో ఊరు వదిలి ఓడెక్కి, ఈ ద్వీపంలో దిగి ఇక్కడే ఉండిపోయాడు. తర్వాతి తరాలు పెద్ద కుటుంబంగా పెరిగాయి. 2008లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న ఝాన్-మారీ గుస్తావ్ ల క్లేజియో ఈ వంశంలోని వారే. కానీ ఆయన పుట్టింది ఈ ఇంట్లో కాదు, 1940లో ఫ్రాన్సులోని నీస్ పట్నంలో. తాతల కాలంలోనే వాళ్ల శాఖ ఈ ఇల్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. తండ్రి నైజీరియాలో డాక్టరుగా పనిచేశారు. పోగొట్టుకున్న ఇల్లు, దాని చుట్టూ ఉన్న ద్వీపం ఆయన రచనల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయని మా అమ్మాయి చెప్పింది. ఫ్రెంచి పౌరసత్వంతో పాటు మారిషస్ పౌరసత్వం కూడా ఉంచుకున్నారు.

ఇది విన్నాక ఆ భోజనాల గదిలో నేను చాలాసేపు నిలబడ్డాను. మా తాత పంపకాల్లో మా ఇల్లు చిన్న తాత వాటాకు పోయింది. మా నాన్న చేత్తో చెక్కిన సింహద్వారం ఇప్పుడు వాళ్లది. పండక్కి వెళ్తే లోపలికి రమ్మంటారు, కాఫీ ఇస్తారు, అందులో లోటేమీ లేదు. కానీ గడప దాటేటప్పుడు నా చెయ్యి ద్వారబంధం మీదికి వెళ్లకుండా ఆగదు. ఇల్లు మిగిలినవాడికి గోడలుంటాయి, పోయినవాడికి ఇల్లంతా తలలో ఉంటుంది. ఎక్కడ మెట్టు అరిగిందో, ఏ గదిలో ఏ వాసన ఉండేదో పోగొట్టుకున్నవాడే బాగా చెప్తాడు. ఆ కుటుంబంలో ఇల్లు వదిలి వెళ్లిన శాఖలోంచి రచయిత పుట్టడం నాకు వింతగా అనిపించలేదు.

1986లో ఇల్లు చేతులు మారి, బాగుచేసి, జనం చూడటానికి తెరిచారు. లోపల ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ రోజుల నాటి సామాను ఉంది. చైనా నుంచి, మన దేశం నుంచి ఓడల్లో వచ్చిన వస్తువులూ ఉన్నాయి. పాత పటాలు, సంగీతం గది, పెద్ద భోజనాల బల్ల. స్నానానికి ఒక పాతకాలం షవర్ ఉంది, అది అప్పట్లో అతిథులకే అట. కుర్చీల కాళ్లు వంగి చూడండి, సున్నితమైన పని. నేను ఒక బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుంటే అక్కడ పనిచేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది, పడిపోయాననుకుని. నేను అతుకు చూస్తున్నానని మా అమ్మాయి ఫ్రెంచిలో చెప్తే నవ్వి, పక్కనే నిలబడి చూడనిచ్చింది. మేకు లేకుండా బెజ్జంలో దిగిన అతుకు అది. గోరు కూడా దూరలేదు.

ఇక్కడిదాకా చూసి చాలామంది ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. మేమూ అలాగే వెళ్లేవాళ్లమేమో, మాతో మాస్టారు రాకపోతే.

మాస్టారు అంటే మా అల్లుడితో పనిచేసే ఒకబ్బాయి తండ్రి, రిటైరైన టీచరు. మారిషస్ తెలుగువాడు, ఐదో తరం. ఇంట్లో క్రియోల్ అనే అక్కడి వాడుక భాష, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి, సాయంకాలం బడిలో తెలుగు. ఆయన తెలుగు పుస్తకంలోంచి నేరుగా దిగొచ్చినట్టుంటుంది. "అన్నగారూ, మీరు కోరంగి ప్రాంతం వారా? ఇక్కడ పాతరోజుల్లో మమ్మల్ని కోరింగీలు అనేవారు" అన్నారు పరిచయమైన మొదటి నిమిషంలోనే. నేను కాకినాడ పక్కవాణ్ని. కోరంగి మా ఇంటికి సైకిల్ మీద వెళ్లేంత దూరం. 1839 నవంబరు ఉప్పెనలో దెబ్బతిన్న రేవు అని చిన్నప్పటినుంచీ వింటున్నాను. అక్కడ ఓడెక్కిన తెలుగువాళ్లకు ఇంత దూరంలో ఆ ఊరి పేరే జాతి పేరుగా నిలిచిందని మాత్రం నాకు తెలియదు. కాసేపు మాట రాలేదు.

ఆయన మమ్మల్ని ముందు వాకిట్లోంచి పోనివ్వలేదు. "నేనెప్పుడొచ్చినా వెనకనుంచి మొదలుపెడతాను" అని పెరటివైపు తీసుకెళ్లారు. అక్కడ రాతి గదులున్నాయి, ఒకప్పటి వంటిల్లు, పనివాళ్ల గదులు. చెక్క ఇంటికి నిప్పు భయం కాబట్టి పొయ్యిని ఇంటికి దూరంగా రాతి గోడల మధ్య పెట్టారు. ఆ రోజుల్లో వండింది వండినట్టు వాకిలి దాటించి భోజనాల గదిలోకి మోసుకెళ్లాలి, వానైనా ఎండైనా. ఆ దూరాన్ని నేను అడుగులతో నడిచి చూశాను. ముందు వరండా మీద ఎంత హాయిగా ఉందో, వేడి గిన్నె చేత్తో పట్టుకుని ఈ దారిన రోజూ నడిచినవాళ్లను తలుచుకుంటే అంత బరువుగా ఉంది.

ఇల్లు లేచిన 1830 ప్రాంతానికి ద్వీపంలో ఇంకా బానిసత్వం ఉంది. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి పట్టుకొచ్చిన మనుషులు. 1835 ఫిబ్రవరి 1న రద్దు చేశారు. పరిహారం ఇచ్చింది బానిసలకు కాదు, యజమానులకు. అప్పటికే చెరకు ఊపందుకుంది. 1825లో ఇంగ్లండు ఇక్కడి పంచదార మీద సుంకం తగ్గించి వెస్టిండీస్‌తో సమానం చేశాక, చదునున్న చోటల్లా చెరకే నాటారు. పని చేసే చేతులు కావాలి. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది కూలీలు దిగారు. ఇప్పుడు ఆరోజు అక్కడ సెలవు దినం. 1920 దాకా పోర్ట్ లూయీ రేవులో దిగిన మన దేశం వాళ్లు దాదాపు 5 లక్షల మంది. కొందరు అక్కడినుంచి వేరే దేశాలకూ వెళ్లారు. ఐదేళ్ల ఒప్పందం, మగవాడికి నెలకు ఐదు రూపాయలు, తిండి గింజలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. డబుల్ కట్ అనేవాళ్లు.

ఇవన్నీ మాస్టారు ఆ రాతి గది గడప మీద కూర్చుని చెప్పారు. ఆయన ముత్తాత తండ్రి పనిచేసింది ఫ్లాక్ వైపు తోటల్లో, ఈ ఇంటితో సంబంధం లేదు. "అయినా ఈ ద్వీపంలో ఏ పెద్ద ఇంటి చరిత్ర చెప్పినా అందులో మావాళ్లూ ఉంటారు, అన్నగారూ. పేర్లు మాత్రం వేరే చోట వెతకాలి" అన్నారు.

ఆ వేరే చోటు కూడా మోకాలోనే ఉంది. మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్. యురేకా నుంచి కారులో కాసేపే. వలస కూలీల పాత రిజిస్టర్లన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి. వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు, ఓడ పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. మాస్టారు తన ముత్తాత తండ్రి వివరాల నకలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చారు. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, ఎడమ మోచేతి మీద మచ్చ, ఊరు అన్నచోట కోరింగా. ఊరి అసలు పేరు గుమాస్తాకు పలకలేదో, ఆ కుర్రాడికి చెప్పే ధైర్యం లేదో, రేవు పేరే రాసేశారు. ఇంటిపేరు అసలు లేదు. నాయుడు అన్న మాట చివర్లో "డూ"గా మారి ఇప్పుడు వాళ్ల ఇంటిపేరైంది.

ఒక కుటుంబానికి 109 తలుపుల ఇల్లు మిగిలింది, ఇంకో కుటుంబానికి ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం. రెండూ ఒకే ఊళ్లో పెట్టుకుని చూడగలగడం మోకాకు వెళ్లే తెలుగువాళ్లకు దొరికే అదృష్టం. నా సలహా ఒకటే: ఒకేరోజు రెండూ చూడండి. మర్నాడు పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్లండి. 1849లో కట్టిన కూలీల డిపో అది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఓడ దిగినవాళ్లు ఎక్కిన 16 రాతి మెట్లు ఇంకా ఉన్నాయి. మేం ఘాట్‌కు ముందే వెళ్లొచ్చాం గానీ, యురేకా వెనక గదులు చూశాక ఆ మెట్లు నాకు మళ్లీ కళ్లముందుకొచ్చాయి. నేనైతే ఇంకోసారి వెళ్తే ఘాట్, ఇన్‌స్టిట్యూట్, యురేకా పెరడు, ఆఖర్న ముందు వరండా, ఈ వరసలో చూస్తాను.

భోజనం అక్కడే చేశాం. ముందు రోజు ఫోన్ చేసి చెప్పుకుంటే మంచిది. క్రియోల్ వంట. టమాటాలు ఉడికించి చేసే రుగాయ్, కూరగాయల అచార్, పప్పు, అన్నం. అచార్ అంటే మన ఊరగాయంత ఘాటు కాదు, ఆవ, పసుపు వేసిన నూనెలో ముక్కలు కరకరలాడతాయి. నాకు బాగా నచ్చింది. తాటి జాతి చెట్టు మొవ్వుతో చేసే సలాడ్ ఒకటి ఈ దేశంలో గొప్పింటి వంట. ఒక చెట్టు కొడితే ఒక పళ్లెం వస్తుంది కాబట్టి దాన్ని కోటీశ్వరుల సలాడ్ అంటారట. చెట్టు కొట్టడం అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది, తినలేదు. మా అమ్మాయి తిని బాగుందంది. మునగాకును వాళ్లు కూడా బ్రేద్ మురూమ్ అని వండుకుంటారని మాస్టారు చెప్పి, ఆ సాయంత్రం వాళ్లింట్లో వండించి పెట్టారు. దాని గురించి రాస్తే ఇంకో పేజీ అవుతుంది.

ఇంటి వెనక నుంచి లోయలోకి కాలిబాట ఉంది, మోకా నది జలపాతాల దగ్గరికి. పావుగంట నడక. దారి తడిగా ఉంటుంది, చెప్పులతో వెళ్లొద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తోటలోనే కూర్చోవచ్చు. నేను సగం దిగి వెనక్కొచ్చాను, పిల్లలు కిందిదాకా వెళ్లి తడిసి వచ్చారు. చిన్నపిల్లలతో వెళ్తే ఇల్లు చూసే ఓపిక వాళ్లకు తక్కువ, నీళ్ల దగ్గరికి ముందు తీసుకెళ్లిపోతే తర్వాత మీరు నింపాదిగా చూసుకోవచ్చు. ఒక గొడుగు తప్పనిసరి.

గొడుగు సంగతి ఎందుకంటే, మూడింటికి వాన వచ్చింది. ఓరీ కొండ మీద మబ్బు కమ్మడం, చినుకులు వరండా చూరు మీద పడటం రెండూ దాదాపు ఒకేసారి జరిగాయి. అక్కడ పనిచేసే ఇందాకటి అమ్మాయి, ఇంకొకతను లోపలినుంచి వచ్చి గాలివాటు పక్కన తలుపులు వేయడం మొదలుపెట్టారు, ఒకదాని తర్వాత ఒకటి. నేను నిలబడ్డ చోటున్న తలుపు వాళ్లకు ఇంకా దూరంగా ఉంది. ఆ అమ్మాయి వైపు చూశాను. తల ఊపింది.

రెక్క మీద అరచెయ్యి పెట్టి నెట్టాను. వానాకాలంలో కర్ర ఉబ్బుతుంది, ఎంత గొప్ప తలుపైనా కింద మూలన కాస్త పడుతుంది, భుజం ఆనించాల్సి వస్తుంది. నేను భుజం సిద్ధం చేసుకునే ఉన్నాను. తలుపు ఎక్కడా రాసుకోకుండా, చప్పుడు లేకుండా వెళ్లి ద్వారబంధంలో కూర్చుంది. గడియ రెండు వేళ్లతో పడింది.

మాస్టారు వెనకనుంచి "ఏమంటోంది అన్నగారూ?" అని అడిగారు. ఆరనిచ్చిన కర్ర అని చెప్పాను.